గుడ్లగూబ అందించే సుద్దపుల్ల: గోయా 43వ బొమ్మ

బల్ల మీద తల వాల్చి ఒక మనిషి నిద్రపోతున్నాడు. కుర్చీలో కూర్చునే, కాలి మీద కాలు వేసుకుని, ముఖాన్ని చేతుల్లో దాచుకుని. బల్ల మీద కాగితాలు, బొమ్మలు గీసే పుల్లలు ఉన్నాయి. అతని వీపు వెనక గుడ్లగూబలు రెక్కలు విప్పుకుని మూగుతున్నాయి. వాటి వెనక గబ్బిలాలు, పైకి పోయేకొద్దీ చీకటి. గుడ్లగూబల మధ్య నుంచి ఒక నల్ల పిల్లి చూస్తోంది. కుర్చీ దగ్గర నేల మీద లింక్స్ అనే అడవిపిల్లి చెవులు నిక్కబొడుచుకుని, కళ్లు పెద్దవి చేసుకుని పడుకుంది. ఇదంతా 21 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రాగి పలక మీద చేసిన పని. అచ్చు వేస్తే నోటుపుస్తకంలో ఒక పేజీ అంత.

స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 1799లో అమ్మకానికి పెట్టిన 80 బొమ్మల సంపుటి ‘లోస్ కాప్రిచోస్’లో ఇది 43వది. బల్ల పక్కభాగం మీద తెల్లటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ‘ఎల్ స్వేన్యో దె లా రాథోన్ ప్రొదూథె మోన్‌స్త్రువోస్’. వివేకం నిద్రపోతే భూతాలు పుట్టుకొస్తాయి అని దీన్ని సాధారణంగా చదువుతారు. స్పానిష్‌లో స్వేన్యో అంటే నిద్రా అవుతుంది, కలా అవుతుంది. అందుకని వివేకం కనే కలల్లోంచే భూతాలు పుడతాయి అని చదివేవాళ్లూ ఉన్నారు. రెండు శతాబ్దాలుగా ఈ వాదన నడుస్తూనే ఉంది. చిక్కేమిటంటే, వాదన చాలావరకు ఆ వాక్యం చుట్టూనే తిరుగుతుంది. పోస్టర్ల మీదికి, పుస్తకాల అట్టల మీదికి, సభల బ్యానర్ల మీదికి ఎక్కింది కూడా ఎక్కువగా వాక్యమే. బొమ్మ దానికి అలంకారంగా మిగిలిపోయింది.

బొమ్మను కాసేపు చూస్తే ఆ వాక్యంలో లేనిది ఒకటి కనిపిస్తుంది. ఒక గుడ్లగూబ తన గోళ్లతో సుద్దపుల్ల బిగించిన పిడిని పట్టుకుని నిద్రపోతున్నవాడి వైపు చాపుతోంది. చిత్రకారుడి పనిముట్టు అది. భయపెట్టడానికి వచ్చిన భూతమైతే పీక పట్టుకోవాలి, గుండెల మీద కూర్చోవాలి. లండన్‌లో హెన్రీ ఫ్యూసెలీ 1781లో వేసిన ప్రసిద్ధ పీడకల చిత్రంలో అలాగే, మంచం మీద వాలిన స్త్రీ ఛాతీ మీద ఒక వికృత జీవి కూర్చుని ఉంటుంది. గోయా దగ్గర మంచం లేదు, పని బల్ల ఉంది. వచ్చిన జీవి లేచి పని మొదలుపెట్టమంటోంది. ఈ ఒక్క వివరంతో బొమ్మ అర్థం మారిపోతుంది. వివేకం లేకపోతే ఏమవుతుందో చెప్పే హెచ్చరికగా మాత్రమే దీన్ని చూస్తే ఆ గుడ్లగూబ అక్కడ ఎందుకుందో చెప్పడం కష్టం.

ఈ బొమ్మ మొదట ఎలా ఉండేదో మనకు తెలుసు. పెన్నుతో గీసిన రెండు ముసాయిదాలు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్నాయి. మొదటిదాంట్లో నిద్రపోతున్నవాడి తల పైన గాలిలో కొన్ని ముఖాలు తేలుతుంటాయి. వాటిలో ఒకటి గోయాదే. రెండోదాంట్లో ఆ ముఖాలు లేవు. పైన ఒక మూల అర్ధచంద్రాకారంలో పెద్ద వెలుగు ఉంది, గబ్బిలాలు దాని అంచులకు జరిగిపోయాయి. ఈ రెండో ముసాయిదాలో బల్ల మీద రాసింది వేరు: విశ్వభాష, గీసిందీ చెక్కిందీ ఫ్రాన్సిస్కో దె గోయా, 1797. కింద పెన్సిల్‌తో ఇంకో మాట ఉంది. కలగంటున్న రచయిత ఇతను, హానికరమైన మూఢనమ్మకాలను తరిమేసి, సత్యానికి గట్టి సాక్ష్యాన్ని శాశ్వతంగా నిలపడమే ఇతని ఉద్దేశం అని.

అప్పటికి గోయా ప్లాన్ ‘కలలు’ అనే పేరుతో ఒక బొమ్మల వరస తేవడం. 17వ శతాబ్దపు వ్యంగ్య రచయిత కెవేదో అదే పేరుతో రాసిన పుస్తకం స్పెయిన్‌లో చదువుకున్నవాళ్లందరికీ తెలిసినదే. కలలో చూశాను అంటే ఎవరిని ఎంత తిట్టినా కొంత తప్పించుకునే దారి ఉంటుంది. నిద్రపోతున్న రచయిత బొమ్మ ఆ వరసకు ముఖచిత్రం కావాల్సింది. పుస్తకం అచ్చయ్యేసరికి అన్నీ మారాయి. విశ్వభాష పోయింది. తన పేరు, ముఖం పోయాయి. సత్యానికి సాక్ష్యం అనే వాగ్దానం పోయింది. వెలుగు కూడా పోయింది, ఆ చోటును చీకటి, గబ్బిలాలు ఆక్రమించాయి. అన్ని హామీలూ తీసేశాక, రెండు రకాలుగా చదవగలిగే ఆ ఒక్క వాక్యం వచ్చి చేరింది. దాన్ని పట్టుకుని గోయా ఇదీ చెప్పదలచుకున్నాడు అని ఖాయంగా చెప్పేవాళ్లు, ఖాయంగా చెప్పిన మాటలను అతను స్వయంగా చెరిపేసిన సంగతిని మరిచిపోతున్నారు.

ముఖచిత్రం చోటు కూడా వేరే బొమ్మకు వెళ్లింది. ఇప్పుడు మొదటి పలక మీద గోయా పక్కకు తిరిగి ఉంటాడు. తల మీద పొడవాటి టోపీ, వాలిన కనురెప్ప, ఎవర్నీ లెక్కచేయని చూపు. బాగా మెలకువగా ఉన్న మనిషి. నిద్రపోయేవాడు 43కి జరిగాడు. ఆ చోటు యాదృచ్ఛికం కాదు. దానికి ముందు వచ్చే 37 నుంచి 42 దాకా గాడిదల బొమ్మలు. ఒక గాడిద తన వంశవృక్షం పుస్తకం తెరిచి కూర్చుంటుంది, పేజీ నిండా గాడిదలే. తాతల నాటి నుంచీ ఇంతే అని కింద శీర్షిక. ఇంకో గాడిద వైద్యుడై చావు బతుకుల్లో ఉన్నవాడి నాడి చూస్తుంది. 42లో ఇద్దరు రైతులు గాడిదల్ని వీపు మీద మోస్తుంటారు. చాతకాని నువ్వే నన్ను మోయాలి అనే స్పానిష్ సామెతలో మొదటి సగం దాని శీర్షిక. పన్నులు కట్టేవాడి మీద పనిచేయనివాడు ఎక్కి కూర్చున్న దేశం అది, అర్థం విడమరచి చెప్పక్కర్లేదు. 43 దాటాక మంత్రగత్తెలు, చీపురుకట్ట మీద ఎగిరేవాళ్లు, గోళ్లు కత్తిరించుకునే దయ్యాలు వరస కడతాయి. పగటి మనుషుల వెక్కిరింత ఒకవైపు, రాత్రి జీవుల ప్రపంచం ఇంకోవైపు. మధ్యలో తలుపులా 43.

ఆ తలుపుకు రెండు పక్కలా ఉన్నవి నిజంగా వేర్వేరు లోకాలేనా? సంపుటి మొత్తం చూస్తే కాదనే అనిపిస్తుంది. 3వ పలకలో తలనుంచి పాదాల దాకా దుప్పటి కప్పుకున్న ఒక ఆకారం ముందు ఇద్దరు పిల్లలు తల్లిని పట్టుకుని కేకలు పెడుతుంటారు. శీర్షిక: అదిగో బూచాడొచ్చాడు. దుప్పటి కింద మనిషే ఉన్నాడు, తల్లికి ఆ సంగతి తెలుసు. ప్రాదోలో భద్రపరిచిన ఒక పాత చేతిరాత వ్యాఖ్యానం దీన్ని చెడ్డ పెంపకం అంటుంది, లేనిదానికి పిల్లలను భయపెట్టడం అని తప్పుపడుతుంది. 52లో ఎండిపోయిన చెట్టుకు సన్యాసి అంగీ తొడిగి నిలబెడితే, దాని ముందు ఒక స్త్రీ మోకాళ్ల మీద కూర్చుని దండం పెడుతుంది. దర్జీవాడు ఎంతటి పని చేయగలడో అని శీర్షిక. భూతాన్ని తయారు చేసింది ఒకచోట తల్లి, ఇంకోచోట దర్జీ. ఇద్దరూ మెలకువగానే ఉన్నారు. చివరి 80వ పలకలో సన్యాసుల్లాంటి ఆకారాలు ఒళ్లు విరుచుకుంటూ ఆవలిస్తాయి, ‘ఇక వేళయింది’ అంటూ. తెల్లవారుతోంది కాబట్టి వెళ్లిపోవాల్సిన వేళో, లేచి పనిలో దిగాల్సిన వేళో అది మాత్రం చెప్పడు.

ఇలా చూస్తే 43లోని గబ్బిలాలూ గుడ్లగూబలూ మొత్తం పుస్తకంలో కాస్త మంచి జీవులే. అవి ఎవర్నీ మోసం చేయవు, ఎవరి డబ్బూ తినవు. కాప్రిచోస్‌లో అసలు భూతాలు పగటిపూట తిరిగే పెళ్లిళ్ల పేరయ్యలు, సన్యాసులు, న్యాయమూర్తులు, వైద్యులు, పెద్దింటివాళ్లు. 23, 24 పలకల్లో పొడవాటి కాగితపు టోపీ పెట్టి శిక్షకు తీసుకెళ్తున్న మనుషులు ఉన్నారు. అది ఇన్‌క్విజిషన్ అనే మతవిచారణ సంస్థ తొడిగే టోపీ. ఆ సంస్థ చేతుల్లో సెవిల్ నగరంలో చివరి మరణశిక్ష 1781లో జరిగింది. అంటే గోయాకు 35 ఏళ్లున్నప్పుడు. ఇది ఏదో మధ్యయుగాల సంగతి కాదు.

1790ల స్పెయిన్‌లో వివేకం గురించి మాట్లాడటం అంత తేలిక కూడా కాదు. 1789లో ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చాక మాడ్రిడ్ ప్రభుత్వం సరిహద్దు దగ్గర ఫ్రెంచ్ పుస్తకాలను ఆపేసింది. 1793లో ఫ్రెంచ్ రాజు తల తెగాక రెండు దేశాల మధ్య యుద్ధమే నడిచింది. అయినా సంస్కరణలు కోరే ఒక చిన్న బృందం ఉండేది. వాళ్లను ఇలుస్త్రాదోస్ అనేవారు, జ్ఞానం వెలుగు తాకినవాళ్లు అన్న అర్థంలో. నాటకకర్త మొరాతిన్, కవి మెలెందెస్ వాల్దెస్, న్యాయవేత్త హొవెయానోస్ గోయాకు స్నేహితులు. కాప్రిచోస్ 2వ పలక శీర్షిక హొవెయానోస్ పద్యంలోని పంక్తే.

1797 నవంబరులో హొవెయానోస్ న్యాయశాఖ మంత్రి అయ్యాడు. గోయా 1798లో అతని చిత్రం వేశాడు, అది కూడా ఇప్పుడు ప్రాదోలోనే ఉంది. కాగితాలు పరచుకున్న బల్ల పక్కన కూర్చుని, చెయ్యి తలకు ఆనించుకుని, బాగా అలసిపోయి కనిపిస్తాడు మంత్రి. దాదాపు అదే కాలంలో చెక్కిన 43వ బొమ్మలోని మనిషిని ఇంకాస్త పైకి లేపి కళ్లు తెరిపిస్తే ఈ భంగిమే. మంత్రి వెనక జ్ఞానదేవత మినర్వా విగ్రహం అతని వైపు చెయ్యి చాపుతుంది. 43లో ఆ చాపిన చెయ్యి లేదు, మినర్వా పక్షి అయిన గుడ్లగూబ గోళ్లు చాపుతోంది. గ్రీకు, రోమన్ పురాణాల్లో జ్ఞానానికి గుర్తయిన పక్షి, స్పెయిన్ సామాన్యుల దృష్టిలో రాత్రికీ మూర్ఖత్వానికీ గుర్తు. (గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడని నమ్మే ఊళ్లలో పెరిగిన తెలుగు పాఠకులకు ఆ సామాన్యుడి చూపే ముందు అందుతుంది.) గోయా ఏ గుడ్లగూబను వేశాడో తేల్చుకోలేం, అతనూ తేల్చలేదు. హొవెయానోస్ 1798 ఆగస్టులోనే పదవి పోగొట్టుకున్నాడు. 1801లో అరెస్టయి మయోర్కా ద్వీపంలో 1808 దాకా బందీగా ఉన్నాడు. తన తెలివైన స్నేహితులను చూసిన గోయాకు, వివేకం మేలుకుని ఉంటే చాలు, భూతాలు పారిపోతాయన్న నమ్మకం అంతగా కలిగి ఉండదు.

ఇక్కడ చెవుడు ప్రస్తావన రాక తప్పదు. 1792 చివర్లో గోయాకు తీవ్రమైన జబ్బు చేసింది, కోలుకున్నాక వినికిడి పూర్తిగా పోయింది. ఆ బాధలోంచే భూతాలు పుట్టాయి అని చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. జబ్బుకూ కాప్రిచోస్‌కూ మధ్య ఆరేళ్ల దూరం ఉంది. ముసాయిదాలు గీసి, మార్చి, అంకెలు వేసి, వరస సరిచూసి, ప్రకటన ఇచ్చి అమ్మిన పుస్తకం ఇది. కలత పడ్డ మనసులోంచి దానంతటదే పొంగి వచ్చిందంటే, ఇందులోని నైపుణ్యాన్ని తక్కువ చేసినట్టే.

నైపుణ్యం సంగతి పలకలోనే కనిపిస్తుంది. ఎచింగ్‌లో రాగి పలకకు వార్నిష్ పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారు. గీసిన చోట యాసిడ్ రాగిని తింటుంది, ఆ గాళ్లలో సిరా నిండి గీతలుగా అచ్చవుతుంది. గీతలతో ఎంత చేసినా చీకటి రాదు, గీతల గుంపు వస్తుంది. చీకటి కోసం గోయా వాడింది ఆక్వాటింట్. చెట్ల నుంచి తీసే రెసిన్‌ను మెత్తటి పొడి చేసి పలక మీద చల్లి, కింద నుంచి వేడి చేస్తే పొడి రేణువులు రాగికి అంటుకుంటాయి. యాసిడ్ ఆ రేణువుల సందుల్లోనే తింటుంది. అచ్చు వేస్తే గీత అన్నది లేకుండా సన్నటి చుక్కల బూడిదరంగు పరుచుకుంటుంది. ఎక్కువసేపు ముంచితే నలుపు, తక్కువసేపైతే లేత రంగు. తెల్లగా ఉంచాల్సిన చోట ముందే వార్నిష్ పూసి కాపాడాలి. 43లో బల్ల మీది తెల్లటి అక్షరాలు అలా కాపాడితే మిగిలినవి, పైగా పలక మీద వాటిని వెనక నుంచి ముందుకు తిప్పి రాయాలి. ఈ పద్ధతి ఫ్రాన్స్ నుంచి వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లే. నీటిరంగు చిత్రాలను అనుకరించడానికి దాన్ని వాడుకుంటున్న కాలంలో, గోయా దాంతో శూన్యాన్ని గీశాడు. గబ్బిలాలు ఏ గదిలోంచి వస్తున్నాయో, గోడ ఎక్కడుందో చెప్పే గీత ఒక్కటి కూడా ఆ నేపథ్యంలో లేదు. ఫ్రెంచ్ కవి బోద్‌లేర్ తర్వాతి కాలంలో గోయా గొప్పతనం గురించి రాస్తూ, నమ్మదగిన భూతాలను పుట్టించడమే అది అన్నాడు. ఆ నమ్మకం సగం గుడ్లగూబల శరీర నిర్మాణం వల్ల, సగం ఈ గోడ లేని బూడిదరంగు వల్ల వచ్చింది.

1799 ఫిబ్రవరి 6న ‘దియారియో దె మాడ్రిడ్’ పత్రికలో ప్రకటన వచ్చింది. మనుషుల తప్పులనూ దుర్గుణాలనూ విమర్శించడం కవిత్వానికే కాదు, చిత్రకళకూ తగిన పనే అని అందులో వాదన. ఏ ఒక్క వ్యక్తినీ ఉద్దేశించి వేసినవి కావు అని ఒక జాగ్రత్త మాట. సంపుటి వెల 320 రియాల్‌లు, అంటే ఒక ఔన్సు బంగారు నాణెం. అమ్మిన చోటు గోయా ఇల్లున్న వీధిలోనే, అత్తర్లూ మద్యం అమ్మే దుకాణం. ఆ వీధి పేరు దెసెంగాన్యో, భ్రమలు వదలడం అని అర్థం. ఇలాంటి పేరు కథకుడు కల్పిస్తే అతి చేశాడనేవాళ్లం. వెక్కిరించబడ్డ వర్గానికే చెందిన ఒసూనా డచెస్ ప్రకటనకు ముందే నాలుగు ప్రతులు కొనేసింది. వ్యక్తులను ఉద్దేశించలేదన్న మాట మాత్రం ఎవరూ నమ్మలేదు. అప్పట్లో చేతులు మారిన వ్యాఖ్యానాల్లో కొన్ని రాణి మరియా లూయిసా పేరూ, ఆమెకు దగ్గరివాడైన గొదోయ్ పేరూ నేరుగా రాసేశాయి.

అమ్మకం త్వరలోనే ఆగిపోయింది. 1803లో గోయా ఆర్థికమంత్రికి రాసిన ఉత్తరం ప్రకారం అమ్ముడైనవి 27 ప్రతులు. రాగి పలకలు ఎనభైనీ, మిగిలిన 240 ప్రతులనూ రాజు నాలుగో కార్లోస్‌కు ఇచ్చేసి, బదులుగా కొడుకు హవియేర్‌కు ఏటా 12,000 రియాల్‌ల భత్యం తీసుకున్నాడు. ఇంకా ఐదారు వేల ప్రతులు వేయొచ్చని ఆ ఉత్తరంలో ఉంది, అది అమ్మేవాడి మాట. ఆక్వాటింట్ చుక్కలు అచ్చుయంత్రం ఒత్తిడికి త్వరగా అరిగిపోతాయి. గోయా పోయాక అవే పలకల నుంచి వేసిన ప్రతుల్లో ఆ చీకటి పలచబడింది. మొదటి ప్రతిని చూసినవాడూ తర్వాతి ప్రతిని చూసినవాడూ ఒకే బొమ్మ గురించి మాట్లాడుతున్నారని చెప్పలేం. ఇంతకీ, ఇంత వెక్కిరించిన మనిషిని అదే 1799 అక్టోబరులో రాజు తన ప్రథమ ఆస్థాన చిత్రకారుడిగా నియమించాడు.

ప్రాదో వ్యాఖ్యానంలో 43 గురించి ఇలా ఉంది: వివేకం వదిలేసిన ఊహ అసాధ్యమైన భూతాలను కంటుంది, వివేకంతో కలిసిన ఊహ కళలకు తల్లి, వాటి అద్భుతాలకు మూలం. గోయా స్వయంగా రాశాడా అన్నదాని మీద సందేహాలున్నాయి కానీ, సుద్దపుల్ల పట్టుకున్న గుడ్లగూబకు ఇంతకన్నా దగ్గరగా వచ్చిన వివరణ లేదు. ఊహను తరిమేయమని ఇక్కడ ఎవరూ అనడం లేదు. కాకపోతే ఈ వ్యాఖ్యానం మరీ నున్నగా ఉంది. వివేకం, ఊహ కాపురం చేస్తే అంతా బాగుంటుందన్న ధీమా బొమ్మలో కనిపించదు.

కల అనే రెండో అర్థానికి బలం వచ్చింది 1808 తర్వాత. నెపోలియన్ సైన్యం స్పెయిన్‌లోకి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో నెపోలియన్ ఇన్‌క్విజిషన్‌ను రద్దు చేశాడు, ఇలుస్త్రాదోస్ ఏళ్ల తరబడి కోరుకున్నది ఒక్క ఆజ్ఞతో జరిగింది. అదే ఏడాది మే నెలలో అదే సైన్యం మాడ్రిడ్‌లో తిరగబడ్డవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చింది. వివేకం పేరు చెప్పుకుని వచ్చినవాళ్లు చేసిన పనులు గోయా 1810 నుంచి మరో వరస పలకల మీద చెక్కాడు. యుద్ధ బీభత్సాల ఆ బొమ్మల్లో చాలావాటిలో గబ్బిలం అవసరం రాలేదు, అన్నీ మనుషులే. అవి అతను పోయిన 35 ఏళ్లకు, 1863లో గానీ అచ్చుకాలేదు. బ్రిటిష్ నైజీరియన్ కళాకారుడు యింకా షొనిబారె 2008లో 43వ బొమ్మను ఫొటోలుగా మళ్లీ కట్టినప్పుడు ఈ రెండో అర్థాన్నే పట్టుకున్నాడు. ఖండానికొకటి చొప్పున ఐదు ఫొటోలు. బల్ల మీద వాక్యం ఫ్రెంచ్‌లో, ప్రశ్నగా మారింది: వివేకం కలలు ఆఫ్రికాలో భూతాలను పుట్టిస్తాయా? ఆసియాలో? వలస పాలకులు నాగరికత నేర్పుతామంటూ వచ్చిన చోట్ల ఈ ప్రశ్నకు 1799లో లేని బరువుంది.

గోయా 1824లో ఫ్రాన్స్ వెళ్లిపోయి బోర్డోలో స్థిరపడ్డాడు. కాప్రిచోస్ మళ్లీ అచ్చు వేయవచ్చు కదా అన్న ఒక స్నేహితుడి సూచనకు 1825 డిసెంబరులో జవాబు రాశాడు. పలకలు రాజుకిచ్చి చాలా ఏళ్లయింది, అయినా తన మీద ఇన్‌క్విజిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది అన్నాడు. ఉన్నా మళ్లీ వేయనన్నాడు. ఇప్పుడు తన దగ్గర అంతకన్నా మంచి ఆలోచనలున్నాయట. అప్పటికి వయసు 79.